మీటరు పెట్టెలో ఉత్తరం

నవంబరు నెల, మంగళవారం, పగలు పదకొండు నలభై. బెంగాలు రైల్వే ఊళ్ళో తెలుగువాళ్ళుండే ఖరిదా పేటలో సింహాచలమ్మ ఇంటికి ఒక ఇన్‌లాండ్ లెటరు వచ్చింది. దాని ఒక మూల నల్లగా ఉంది.

పోస్ట్‌మాన్ సైకిలు దిగలేదు. గేటు మీంచి అందించి "మాసీ, చిఠీ" అన్నాడు, వెళ్ళిపోయాడు. సింహాచలమ్మ ఉత్తరం అందుకుని ఇంట్లోకి తిరిగింది. అప్పుడు నలుపు కనిపించింది. గడప లోపల పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది.

చిరునామా తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాసి ఉంది. ఎం. వినీల, రెండో నంబరు గది, కేరాఫ్ దేముడు గారి ఇల్లు. కింది వరసలోనే పంపినవారు ఎం. ఎమిలీ, పలాస.

దేముడు సింహాచలమ్మ భర్త. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు, పోయి తొమ్మిదేళ్ళయింది. ఉత్తరాలు ఇంకా ఆయన పేరు మీదే వస్తాయి. మేడ మీద ఆరు గదులు వేసి అద్దెకివ్వడం మొదలుపెట్టిన ఏడాదే ఆయన మెట్ల పక్కన గోడకి ఒక చెక్క అరమర బిగించాడు. అందులో ఆరు అరలు, అరకొక నంబరు. గదిలో ఉన్నవాళ్ళకి ఏ కాగితం వచ్చినా దీపాలు పెట్టేలోగా వాళ్ళ అరలో ఉండాలి. విప్పకూడదు. తిప్పి చూడకూడదు. ఎవరు రాశారని అడగకూడదు. "ఏళ్ళ తరబడి ఉండేవాళ్ళకి మన గుమ్మమే వాళ్ళ గుమ్మం" అనేవాడు. ఆ మాట ఆవిడ ఇన్నేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు.

నల్ల మూల ఉత్తరాలకి మాత్రం వేరే పద్ధతి. అది దేముడు పెట్టింది కాదు, ఇద్దరూ తమ ఊళ్ళ నుంచి తెచ్చుకున్నది. చావు కబురు రాసిన ఉత్తరానికి మూలల్లో నల్ల సిరా పూస్తారు. దాన్ని ఇంట్లోకి తీసుకురారు. కుళాయి గట్టు మీద ఇటుక కింద పెడతారు. ఎవరికి వచ్చిందో వాళ్ళు బయటే చదివి, చించేసి, నీళ్ళు పోసుకుని లోపలికి రావాలి. అలాంటి ఉత్తరం ఈ ఇంటికి వచ్చి పదిహేనేళ్ళు దాటింది. ఇప్పుడు కబుర్లన్నీ ఫోనులోనే వస్తాయి. అయినా నలుపు చూడగానే ఆవిడ కాలు దానంతటదే ఆగింది.

వినీలకి ఇరవై ఆరేళ్ళు. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పని. రెండేళ్ళుగా ఇక్కడే ఉంటోంది. ఆ రెండేళ్ళలో ఇంటి నుంచి ఆ పిల్లకి ఒక్క ఫోను రావడం సింహాచలమ్మ వినలేదు. "మీ వాళ్ళెవరే?" అని మొదట్లో ఓసారి అడిగితే "ఒక అక్క ఉన్నాది, మామ్మా" అని అన్నం కలుపుకోవడంలో పడింది. మళ్ళీ అడగలేదు.

రెండేళ్ళకి ఇంటి నుంచి మొదటి ఉత్తరం. దానికి నల్ల మూల.

వినీల ఆ నెల రెండో షిఫ్టులో ఉంది. మధ్యాహ్నం ఒకటింపావుకి పూరీ గేట్ దగ్గర కంపెనీ బస్సు ఎక్కాలి. ఆ సమయానికి మేడ మీద పుస్తకం ముందు కూర్చుని ఉంది. శనివారం ఫ్యాక్టరీలో పరీక్ష. పాసైతే పర్మినెంటు చేస్తారు, తప్పితే కాంట్రాక్టు డిసెంబరుతో అయిపోతుంది. నెల రోజుల నుంచి ఆ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే.

సింహాచలమ్మ ఉత్తరాన్ని ఇటుక కింద పెట్టబోయింది. కుళాయి దగ్గర పెడితే పిల్ల చూస్తుంది. చూస్తే ఈవేళే పలాస బండెక్కుతుంది. ఆవిడ అటూ ఇటూ చూసి, గేటు పక్కన బయటి గోడకున్న కరెంటు మీటరు పెట్టె తలుపు తెరిచి, మీటరు వెనక ఉత్తరం దోపింది. అది ఇంటి బయట ఉన్నట్టే. వాన పడినా తడవదు.

బుధవారం పొద్దున్న పక్కింటి జోగమ్మ గోడ మీంచి చూసి పట్టేసింది.

"ఏటే సింవాచలం, నిన్నట్నుంచి ఆ మీటరు డబ్బా తీసి సూత్తన్నావు. బిల్లుగాని పెరిగిపోనాదేటి?"

సింహాచలమ్మ గోడ దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పింది. జోగమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది, వెంటనే తీసేసింది.

"ఈ రోజుల్లో నల్లసిరా ఎవలు రాత్తన్నారే? వాట్సాప్‌లోనే సత్తన్నారు జనం. మా ఆడపడుసు పోనప్పుడు ముందు ఫొటో వచ్చినాది, దండేసి. తరవాత గానీ ఏడుపు రాలేదు మాకు."

"ఆ పిల్ల ఫోన్లో మాటాడదు కదే ఇంటోళ్ళతోటి. అందుకే రాసినారు."

"కిరస్తానీలు కదా ఆళ్ళు. ఆళ్ళకీ ఉన్నాదేటి ఈ మూల నలుపు?"

"సావుకి అందరం ఒకటే. మన లైన్లో కిరస్తానీ ఆమోసు పోనప్పుడు ఆళ్ళింటోళ్ళు నల్లంచు కార్డులే పంచినారు, మర్సిపోనావా?"

జోగమ్మ గోడ మీద మోచెయ్యి ఆనించింది. "ఇచ్చీ. ఎవలి ఏడుపు ఆళ్ళకి ఇచ్చీడం మంచిది. దాసీడానికి నువ్వెవలవు?"

"శనారం పరీక్షే దానికి. నాలుగు రోజులు. పోనోళ్ళు ఎలాగూ తిరిగిరారు. ఉద్దోగం పోతే అదీ తిరిగిరాదు."

"నీ ఇట్టం" అని జోగమ్మ గోడ దిగింది.

గురువారం గడిచింది. శుక్రవారం వినీల పన్నెండున్నరకి కిందికి వచ్చి అన్నానికి కూర్చుంది. సింహాచలమ్మ చారు వడ్డించింది. పిల్ల ముఖంలోకి చూడలేక గిన్నెలోకి చూసింది.

"ఏటి మామ్మా, ఈ నాలుగు రోజులూ నన్ను సుట్టంలాగ సూత్తన్నావు. అప్పడం, వడియం, పెరుగు... పరీక్షకి ఎల్తున్నానా, ఉరికి ఎల్తున్నానా?"

"తిను. మాటలెందుకు."

ఒంటిగంటకి వినీల గేటు దాటింది. మీటరు పెట్టెని ఆనుకునే నడిచి వెళ్ళింది.

శనివారం సాయంత్రం నాలుగింటికి తిరిగి వచ్చింది. చేతిలో సందేశ్ మిఠాయి పొట్లం. ఫలితం అక్కడే చెప్పారు. పద్నాలుగు మందిలో ఆరుగురు పాసయ్యారు, అందులో తనొకతె.

సింహాచలమ్మ కుళాయి గట్టు దగ్గర నిలబడి ఉంది. పక్కన బకెట్టులో నీళ్ళు, గట్టు మీద తువ్వాలు. ఉత్తరం ఇటుక కింద ఉంది.

"మామ్మా, నోరు తెరు!"

"లోపలికి రాకు తల్లీ. అక్కడే నిలబడు. గుండె రాయి సేసుకో." ఆవిడ ఇటుక తీసింది. "మీ ఇంటికాడ్నుంచి వచ్చినాది. మంగళవారం."

వినీల ఉత్తరం తీసుకుంది. అక్షరాలు చూసి పొట్లం గట్టు మీద పెట్టింది. నిలబడే విప్పింది. సింహాచలమ్మ పట్టుకోవడానికి దగ్గరికి జరిగింది. పిల్ల ఏడవలేదు. ఒకసారి చదివింది, మొదటికి వెళ్ళి మళ్ళీ చదివింది.

"ఎవలే, తల్లీ?"

వినీల పైకి చదివింది. గొంతులో హెచ్చుతగ్గులు లేవు.

"చెల్లీ, అడ్రసు పాస్టరు గారు ఇచ్చారు. మా హాస్టలు పిల్లలకి కలకత్తాలో పాటల పోటీ ఉంది. నలభై మందిని తీసుకుని శుక్రవారం వస్తున్నాను. బండి మీ ఊళ్ళో పన్నెండు యాభైకి ఆగుతుందట, పది నిమిషాలు. నేను ఎస్ అయిదు పెట్టె గుమ్మంలో నిలబడతాను. అమ్మ పోయిన రోజు నీకు చెప్పకపోవడం తప్పే. రెండేళ్ళుగా ఆ తప్పుతోనే లేస్తున్నాను. నువ్వు వస్తే ఈ మాట నోటితో చెబుతాను. రాకపోతే నీ కోపం పోలేదని అర్థం చేసుకుంటాను. మళ్ళీ రాసి నిన్ను విసిగించను. ఎమిలీ."

సింహాచలమ్మకి ముందు ఒక్కటే అర్థమైంది. ఎవరూ పోలేదు. "నాయినా" అంటూ గట్టు మీద కూర్చుంది. తరవాత మిగతాది అర్థమైంది. శుక్రవారం పన్నెండు యాభైకి తను చారు వడ్డిస్తోంది. స్టేషను రెండు కిలోమీటర్లు.

"మరి... ఈ నలుపు?"

వినీల మూల మీద వేలు రాసి, వాసన చూసింది. "గ్రీజు. సైకిలు సైను గ్రీజు. రోజూ నా సేతులికి అంటుకునేదే." వేలు బకెట్టు అంచుకి తుడిచింది. "సావుత్తరం అనుకున్నావా?"

"అనుకున్నాను."

"మంగళారమే ఎందుకు ఇవ్వలేదు?"

"పరీక్ష ఉన్నాది కదా అని..."

వినీల గట్టుకి ఆనుకుంది.

"మా అమ్మ పోనప్పుడు నాకు ఐటీఐ ఆఖరి పరీక్ష, మామ్మా. మా అక్క రెండు రోజులు సెప్పలేదు. పరీక్ష రాసొచ్చినాక సెప్పినాది. అప్పటికి మట్టి ఏసీసినారు. అమ్మ ముఖం సూడలేదు నాను. అందుకే ఒదిలేసి వచ్చినాను ఆ ఊరు." ఉత్తరం మడిచింది. "నువ్వూ అదే సేసినావు."

తన ఫోనులోంచి అక్క పాత నంబరు వెతికి నొక్కింది. ఆ నంబరు వాడుకలో లేదని హిందీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి వినిపించింది. ఇక్కడికి వచ్చిన రోజే తనూ సిమ్ము మార్చేసింది. అక్క దగ్గర తన నంబరు లేదు, తన దగ్గర అక్క నంబరు లేదు. మధ్యన ఉన్న దారి ఆ ఇన్‌లాండ్ లెటరు ఒక్కటే.

"నెలాకరుకి గది కాళీ సేసేత్తాను" అని మేడెక్కింది. సందేశ్ పొట్లం గట్టు మీదే ఉండిపోయింది.

సింహాచలమ్మ చాలాసేపు అక్కడే కూర్చుంది. లేచి, బకెట్టులో నీళ్ళు జామ చెట్టుకి పోసింది. లోపలికి వెళ్ళి చీర మార్చుకుంది. వీధి చివరికి నడిచి టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కి, పూరీ గేట్ దగ్గర దిగింది. ఆమె మరిది కొడుకు ఉమాశంకర్ అక్కడే ఉంటాడు, రైల్వేలో టికెట్ ఎగ్జామినరు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చి, నల్ల కోటు కుర్చీకి తగిలించి ముఖం కడుక్కుంటున్నాడు.

"ఏటి పెద్దమ్మా, సెప్పకుండా వచ్చినావు?"

ఆవిడ అంతా చెప్పింది. దేన్నీ తగ్గించి చెప్పలేదు. "నలభై మంది గుంటలు తిరిగి పలాస ఎప్పుడెల్తారో తెలవాలి నాకు. సోమారం బడి ఉంటాది. అంటే రేపే ఎల్లాలి కదరా."

"అది బయటోళ్ళకి సెప్పకూడదు పెద్దమ్మా. రూలు లేదు."

"నా దగ్గిర రూలు మాటాడకు. మీ పెదనాన్న పెట్టిన రూలు నానే తప్పేసి వచ్చినాను. నీదెంత?"

ఉమాశంకర్ తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ అవతలి గదిలోకి వెళ్ళాడు. లోపల బెంగాలీలో ఎవరితోనో మాట్లాడటం వినిపించింది. రెండుసార్లు "దాదా" అన్నాడు, ఒకసారి నవ్వాడు. పది నిమిషాలకి బయటికి వచ్చాడు.

"రేపు మజ్జానం బండికి హౌరా నుంచి పలాసకి ఒక గుంపు ఉన్నాది. నలభై రెండు బెర్తులు. ఎస్ ఏడు. ఇక్కడ ఒంటిగంటా ముప్ఫై ఎనిమిదికి వస్తాది, పది నిమిషాలు ఆగుతాది."

"ఎమిలీ అని పేరున్నాదా?"

"పేర్లు సెప్పను." కోటు తీసి మేకుకి తగిలించాడు. "లేదని మాత్రం అన్లేదు నాను."

ఆదివారం పొద్దున్న ఏడింటికి సింహాచలమ్మ మేడెక్కి రెండో నంబరు తలుపు కొట్టింది. మోకాళ్ళ నొప్పి వచ్చాక ఆవిడ మేడెక్కడం అదే మొదలు. వినీల తలుపు తీసింది. మంచం మీద పెట్టె తెరిచి ఉంది, సగం బట్టలు సర్ది ఉన్నాయి.

సంగతి విని వినీల తలుపు రెక్క పట్టుకుని నిలబడింది. "ఏ మొకం పెట్టుకుని ఎల్తాను? శుక్రవారం పది నిమిషాలూ గుమ్మంలో నిలబడి సూసి ఉంటాది. రాలేదు కదా అని అక్కడితో తెంపేసుకుని ఉంటాది."

"నీ మొకమెందుకు? నా మొకం పెట్టుకుని ఎల్దాం. తప్పు నాది, నాను సెప్పుకుంటాను. నువ్వు స్తంభం ఎనకాల నిలబడు. అది రమ్మంటే రా, లేపోతే ఇంటికొచ్చీసి నీ పెట్టె సర్దుకో, నానే తాడు కడతాను."

వినీల నవ్వలేదు. ఆ ఉత్తరం దిండు కింది నుంచి తీసి ఆవిడ చేతికిచ్చింది.

ఒంటిగంటకి ఇద్దరూ స్టేషనులో ఉన్నారు. సింహాచలమ్మ రెండు ప్లాట్‌ఫాం టికెట్లు కొంది. వినీల చర్చికి కట్టుకున్న చీరలోనే ఉంది, భుజాన చేతి సంచి. ఎస్ ఏడు ఎక్కడ ఆగుతుందో టీ అమ్మే అతన్ని అడిగి అక్కడికి నడిచారు. ప్లాట్‌ఫాం పొడుగుకి సింహాచలమ్మ రెండు చోట్ల ఆగి మోకాలు పట్టుకుంది. రెండోసారి వినీల ఆవిడ చెయ్యి పట్టుకుంది.

బండి ఒకటీ నలభై ఒకటికి వచ్చింది. మూడు నిమిషాలు ఆలస్యం.

ఎస్ ఏడు గుమ్మంలో ఎవరూ లేరు. ఉండటానికి కారణమూ లేదు. కిటికీల్లో ఆడపిల్లలు, అందరికీ రెండేసి జడలు. వినీల స్తంభం దగ్గర ఆగిపోయింది. సింహాచలమ్మ మొదటి కిటికీ ఊచలు పట్టుకుంది.

"పలాస గుంటలేనా మీరు? ఎమిలీ ఎవలమ్మా మీలో?"

"మేడమా? అద్గో, మంచినీళ్ళ సీసాలు లెక్కెడతన్నారు" అని ఒక పిల్ల లోపలికి అరిచింది. "మేడం, ఎవలో ముసలామె!"

కిటికీ దగ్గరికి వచ్చిన మనిషికి వినీల నుదురే ఉంది. చేతిలో రెండు సీసాలు.

"ఎవరండి మీరు?"

"మీ సెల్లి ఉంటాది కదా, ఆ ఇంటిదాన్ని." సింహాచలమ్మ ఊచల మధ్య నుంచి ఉత్తరం అందించింది. "ఇది మంగళారం వచ్చినాది. నాను దాసినాను. నిన్న సాయంత్రం ఇచ్చినాను. శుక్రవారం నువ్వు నిలబడ్డావని దానికి తెలదు. ఇదిగో, ఈ నలుపు సూసి సావుత్తరం అనుకున్నాను."

ఎమిలీ మూల వైపు చూసింది. "సావుత్తరం అయితే మాత్రం దాస్తారేటండి?"

"దానికి పరీక్ష ఉన్నాది."

ఎమిలీ చేతిలో సీసాలు పక్క పిల్లకి ఇచ్చింది.

"పరీక్షా?"

"అవును. శనారం."

"పాసైనాదా?"

"అయినాది."

"అప్పుడూ పాసైనాది" అంది ఎమిలీ. ఊచలకి నుదురు ఆనించింది. "ఎక్కడున్నాదండి?"

సింహాచలమ్మ స్తంభం వైపు చూపించింది. ఎమిలీ గుమ్మం దగ్గరికి వచ్చింది. ఒక మెట్టు దిగింది. వెనక నుంచి పిల్లలు "మేడం, దిగీకండి, బండి కదిలిపోతాది" అని గోల పెట్టారు. ఆమె అక్కడే ఆగి, కమ్మీ పట్టుకుని వంగింది.

"ఒసే వినీ! ఎస్ అయిదంటే ఏడుకి వచ్చినావు. నీకు లెక్కలు ఎప్పుడూ రావు."

వినీల కదలలేదు. తరవాత నడిచింది. గుమ్మం దాకా వచ్చి, అక్క కాళ్ళ దగ్గర మెట్టు మీద చెయ్యి వేసింది.

"అమ్మని ఎక్కడ పెట్టినారు? సూపించలేదు నాకు."

"నువ్వు రాలేదు."

"ఇప్పుడు సూపించు."

ఎమిలీ పక్కకి జరిగింది. ముందు సిగ్నలు పచ్చగా మారింది. ఇంజను కూత వేసింది. వినీల వెనక్కి తిరిగి సింహాచలమ్మని చూసింది, మెట్టెక్కింది. దిగలేదు. బండి ఒకటీ యాభై రెండుకి కదిలింది. ఉత్తరం ఎమిలీ చేతిలో ఉంది.

సింహాచలమ్మ టోటోలో ఇంటికి వచ్చింది. కుళాయి గట్టు మీద ఇటుక తీసి గోడ అవతల పడేసింది. "ఏటే అది, నా నెత్తి మీదకే?" అంది జోగమ్మ.

మూడూ ఇరవైకి ఫోను మోగింది. బాలాసోర్ నుంచి వినీల. బండిలోనే టికెట్టు రాయించుకున్నానని చెప్పింది. సోమవారానికి సెలవు అడిగానని, మంగళవారం రెండో షిఫ్టుకి వచ్చేస్తానని చెప్పింది. రాత్రికి తనకి అన్నం వండవద్దని చెప్పింది. ఈలోగా ఉత్తరాలేవైనా వస్తే రెండో నంబరు అరలో పెట్టమంది.